కాళ్ల కింద ఆరు వేల కిలోమీటర్లు

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

భూమి పుట్టుక గురించీ, దాని లోపలి నిర్మాణం గురించీ వచ్చిన ఉత్తరాల నుంచి ఈ సంచికకు ఆరింటిని ఎంచుకున్నాం. మొదటి రెండు ప్రశ్నలకు జవాబులు సుదీర్ఘంగానే ఉన్నాయి. తక్కినవి వాటిని ఆధారం చేసుకున్నవే కనుక కొంత క్లుప్తంగా ముగించగలిగాం.

ప్రశ్న: భూమికి పటలం, ప్రావారం, కేంద్రమండలం అని మూడు పొరలున్నాయని చిన్నప్పుడు చదువుకున్నాను. ఈ పొరలు భూమి పుట్టినప్పుడే ఉన్నాయా, లేక తర్వాత ఒకదాని మీద ఒకటి పేరుకుంటూ వచ్చాయా?

జవాబు: ఈ రెండింటిలో ఏదీ జరగలేదు. తొలినాటి భూమి రాయీ ఇనుమూ కలగలిసిన ముద్దగా ఉండేది. ఆ ముద్ద వేడెక్కి కరిగాక, అందులోని పదార్థాలు వాటంతట అవే విడిపోయి పొరలయ్యాయి. అందువల్ల పొరల సంగతి చెప్పాలంటే పుట్టుక దగ్గరే మొదలుపెట్టాలి.

సుమారు 457 కోట్ల సంవత్సరాల క్రితం, ప్రధానంగా హైడ్రోజన్, హీలియం వాయువులతోనూ కొద్దిపాటి ధూళితోనూ నిండిన ఒక విశాలమైన మేఘం తన సొంత గురుత్వాకర్షణ వల్ల కుంచించుకుపోసాగింది. కుంచించుకుపోయే కొద్దీ దాని భ్రమణ వేగం పెరిగి, మేఘమంతా ఒక పెద్ద పళ్లెంలా చదునైంది. పదార్థంలో అత్యధిక భాగం మధ్యకు చేరి సూర్యుడైంది. మిగిలిన పిసరంతతో గ్రహాలు తయారయ్యాయి. సూర్యుడికి చేరువలో వేడి ఎక్కువ కావడంతో అక్కడ నీరు, మీథేన్ వంటివి మంచుగా గడ్డకట్టే అవకాశం లేకపోయింది. అంత వేడిలోనూ ఘనరూపంలో నిలవగలిగినవి ఇనుము, నికెల్, సిలికేట్ ఖనిజాలే. బుధుడు, శుక్రుడు, భూమి, కుజుడు రాతి గ్రహాలుగానూ, దూరాన ఉన్న గురుడు, శని వాయుగోళాలుగానూ రూపొందడానికి మూలకారణం ఇదే.

ధూళి రేణువులు ఒకదానికొకటి అంటుకుని చిన్న చిన్న ఉండలయ్యాయి. అవి కిలోమీటర్ల వ్యాసం గల రాతిపిండాలయ్యాయి. ఆ దశకు చేరాక గురుత్వాకర్షణ రంగంలోకి దిగుతుంది: పెద్ద పిండం చిన్నవాటిని లాగేసుకుని ఇంకా పెద్దదవుతుంది. చివరికి చంద్రుడంత, కుజుడంత పరిమాణం గల కొన్ని పదుల పిండాలు మిగిలి, అవి కూడా పరస్పరం ఢీకొంటూ కొన్ని కోట్ల సంవత్సరాల్లో నేటి గ్రహాలుగా కుదురుకున్నాయి. పుస్తకాల్లో వేసే బొమ్మల్లో ఇదంతా ప్రశాంతంగా కనిపిస్తుంది గానీ, భూమి పుట్టుక ఆద్యంతం విధ్వంసమే.

ఆ విధ్వంసమే వేడిని పుట్టించింది. ఢీకొన్న ప్రతి పిండమూ తన గమనశక్తిని వేడి రూపంలో భూమికి ఇచ్చింది. దీనికితోడు, తొలి రాతిపిండాల్లో రేడియోధార్మికత గల అల్యూమినియం 26 అనే ఐసోటోపు (ఒకే మూలకంలో పరమాణు బరువు వేరుగా ఉండే రకం) ఉండేది; సుమారు 7 లక్షల సంవత్సరాలకు సగానికి సగం తరిగిపోయే ఆ పదార్థం, భూమిలో కలవక ముందే చాలా పిండాలను లోపలి నుంచి కరిగించింది. పెద్ద తాకిడులు జరిగినప్పుడల్లా భూమి ఉపరితలం వందల కిలోమీటర్ల లోతు వరకు శిలాద్రవ సాగరంగా మారింది. కొలిమిలో ఇనుము అడుగుకు దిగి చిట్టెం పైకి తేలినట్లు, ఆ సాగరంలో ఇనుము బొట్లుబొట్లుగా కిందికి దిగి కేంద్రాన్ని చేరింది. తేలికైన సిలికేట్ పదార్థం పైన మిగిలి ప్రావారమైంది. ఆ ప్రావారం పాక్షికంగా కరిగినప్పుడల్లా అందులోని ఇంకా తేలికైన భాగం పైకి ఉబికి, చల్లారి, పటలమైంది. పటలం తయారీ ఆనాటితో ముగియలేదు, సముద్రగర్భంలోని పర్వతశ్రేణుల వెంట ఇవాళ్టికీ సాగుతూనే ఉంది.

ఇక్కడ చాలామంది పొరపడే విషయం ఒకటుంది. ‘బరువైనవన్నీ లోపలికి, తేలికైనవన్నీ పైకి’ అన్న సూత్రం పూర్తిగా నిజం కాదు. యురేనియం ఇనుము కంటే ఎంతో బరువైన మూలకం. అయినా అది ఇనుముతో కలవదు, ఆక్సిజన్‌తో కలుస్తుంది. అందువల్ల రాతితోపాటు పైకే వచ్చి, భూపటలంలో ఎక్కువగా చేరింది. బంగారం, ప్లాటినం ఇనుముతో చెలిమి చేసేవి కనుక అత్యధిక భాగం కేంద్రమండలంలోకి జారిపోయాయి. మనం గనుల్లో తవ్వుకుంటున్న బంగారంలో చాలా భాగం, కేంద్రమండలం ఏర్పడ్డాక రాలిన ఉల్కల వెంట వచ్చి ఉంటుందని ఎక్కువమంది శాస్త్రజ్ఞుల అభిప్రాయం. మూలకాలను వేరుచేసినది వాటి బరువు ఒక్కటే కాదు, అవి దేనితో కలుస్తాయన్న రసాయన స్వభావం కూడా.

ఈ విభజన ఎంత త్వరగా జరిగిందో చెప్పడానికి ఒక చక్కని గడియారం ఉంది. హాఫ్నియం 182 అనే ఐసోటోపు సుమారు 90 లక్షల సంవత్సరాలకు సగం తరిగి టంగ్‌స్టన్ 182గా మారుతుంది. హాఫ్నియం రాతితో ఉండిపోతుంది. టంగ్‌స్టన్ ఇనుము వెంట పోతుంది. ఇనుము ఆలస్యంగా దిగి ఉంటే, హాఫ్నియం నుంచి పుట్టిన టంగ్‌స్టన్ కూడా దాదాపుగా దానితోనే వెళ్లిపోయి ఉండాలి. కానీ భూమి రాళ్లలో టంగ్‌స్టన్ 182 పాలు ప్రాచీన ఉల్కాశిలల్లో కంటే కొద్దిగా ఎక్కువగా ఉంది. అంటే హాఫ్నియం ఇంకా మిగిలి ఉన్నప్పుడే, తొలి కొన్ని కోట్ల సంవత్సరాల్లోనే, కేంద్రమండలం చాలావరకు ఏర్పడిపోయిందన్నమాట. కుజుడంత పరిమాణం గల పిండం ఒకటి భూమిని ఢీకొనగా ఎగసిపడిన శిథిలాల నుంచి చంద్రుడు ఏర్పడ్డాడన్న సిద్ధాంతం కూడా ఈ తొలి దశకు చెందినదే. చంద్రుడిలో ఇనుము చాలా తక్కువగా ఉండడం, 1969–1972 మధ్య అక్కడి నుంచి తెచ్చిన రాళ్లలో ఆక్సిజన్ ఐసోటోపుల నిష్పత్తి భూమి రాళ్లలోని నిష్పత్తితో దాదాపు సరిపోలడం దీనికి బలం చేకూరుస్తున్నాయి.

ప్రశ్న: మనిషి తవ్విన అతి లోతైన రంధ్రం 12 కిలోమీటర్లే అంటారు. భూకేంద్రం 6,371 కిలోమీటర్ల లోతున ఉంది. చూడని దాని గురించి ఇంత ధీమాగా ఎలా చెబుతున్నారు? ఇది ఊహ కాదా?

జవాబు: మీ అనుమానం న్యాయమైనదే. రష్యాలోని కోలా ద్వీపకల్పంలో 1970లో మొదలైన తవ్వకం 1989 నాటికి 12,262 మీటర్లకు చేరింది. అక్కడ 100 డిగ్రీల సెల్సియస్ దాకా వేడి ఉంటుందనుకుంటే 180 డిగ్రీలు ఎదురై, ముందుకు సాగడం అసాధ్యమైంది. అంతా కలిపి భూమి వ్యాసార్ధంలో అయిదు వందల్లో ఒక వంతు మాత్రమే. అక్కడి భూపటలాన్నయినా పూర్తిగా దాటలేదు. అయితే చూడటం ఒక్కటే తెలుసుకునే మార్గం కాదు. భూగర్భం గురించి మనకున్న జ్ఞానం మూడు వేరువేరు సాక్ష్యాల మీద నిలబడి ఉంది.

మొదటి సాక్షి తూకం. 1798లో హెన్రీ కావెండిష్ సీసపు గోళాల మధ్య ఆకర్షణను అతి సున్నితంగా కొలిచి, భూమి సగటు సాంద్రత నీటి సాంద్రతకు దాదాపు అయిదున్నర రెట్లని తేల్చాడు. ఆయన ప్రకటించిన అంకె 5.48, నేటి అంకె 5.51. మన కాళ్ల కింది రాళ్ల సాంద్రత మాత్రం 2.7 దగ్గర ఉంటుంది. పైభాగం ఇంత తేలికై, సగటు అంత బరువైతే, లోపల ఏదో చాలా బరువైనది ఉండి తీరాలి. ఒత్తిడికి రాయి నలిగి చిక్కబడినంత మాత్రాన ఈ లెక్క సరిపోదు. భూమి అక్షం నెమ్మదిగా బొంగరంలా తిరిగే తీరును బట్టి దాని జడత్వ భ్రామకాన్ని, అంటే బరువు అక్షానికి ఎంత దూరంగా పరచుకుని ఉందో చెప్పే గుణకాన్ని కూడా లెక్కించవచ్చు. అంతటా ఒకే సాంద్రత గల గోళానికి ఆ గుణకం 0.4 ఉండాలి; భూమికి 0.33 మాత్రమే ఉంది. బరువు మధ్యలో పోగుపడి ఉందని దీని అర్థం.

రెండవ సాక్షి భూకంపం. నా ఉద్దేశంలో మూడింటిలోనూ బలమైన సాక్ష్యం ఇదే. పెద్ద భూకంపం వచ్చినప్పుడు రెండు రకాల తరంగాలు భూమి లోపలి గుండా ప్రయాణిస్తాయి. పి తరంగాలు రాతిని ముందుకూ వెనక్కూ నొక్కుతూ సాగుతాయి. ఘనపదార్థంలోనైనా ద్రవంలోనైనా వెళ్లగలవు. ఎస్ తరంగాలు రాతిని అడ్డంగా కదుపుతూ సాగుతాయి. ద్రవానికి అడ్డకోతను తట్టుకునే బిగువు ఉండదు కనుక అవి ద్రవంలో ప్రయాణించలేవు. తరంగం ఏ భూకంప నమోదు కేంద్రానికి ఎప్పుడు చేరిందో తెలిస్తే, దారిలో దాని వేగమెంతో, ఎక్కడ వంగిందో, ఎక్కడ ఆగిపోయిందో గణితం చెబుతుంది.

1909 అక్టోబర్ 8న క్రొయేషియాలో వచ్చిన భూకంపాన్ని పరిశీలిస్తూ ఆంద్రియా మొహొరోవిచిచ్, ఒకే భూకంపం నుంచి పి తరంగాలు రెండు జట్లుగా వచ్చాయని గమనించాడు. కొంత దూరం దాటాక, లోతుగా వెళ్లి చుట్టుదారిలో వచ్చిన తరంగాలు, దగ్గరి దారిలో వచ్చిన వాటి కంటే ముందే చేరాయి. లోతున ఒకచోట రాతి స్వభావం హఠాత్తుగా మారి, తరంగవేగం సెకనుకు 8 కిలోమీటర్ల దాకా పెరిగితేనే అది సాధ్యం. ఆ సరిహద్దే పటలానికీ ప్రావారానికీ మధ్య గీత. దాన్ని ఇవాళ ముద్దుగా ‘మోహో’ అంటున్నారు. అంతకు ముందే, 1906లో, రిచర్డ్ ఓల్డ్‌హామ్ భూమికి వేరే స్వభావం గల కేంద్రమండలం ఉందని చెప్పాడు. ఆయన భారత భూవిజ్ఞాన సర్వేక్షణలో పనిచేస్తూ, 1897 నాటి అస్సాం భూకంపాన్ని అధ్యయనం చేసి, తరంగాల రకాలను విడదీసి చూపినవాడు. కేంద్రమండలం మొదలయ్యే లోతును బెనో గూటెన్‌బర్గ్ సుమారు 2,900 కిలోమీటర్లని లెక్కించాడు. ఆధునిక అంకె 2,890. భూకంప స్థానం నుంచి దూరాన్ని భూకేంద్రం దగ్గర ఏర్పడే కోణంతో కొలిస్తే, 104 డిగ్రీలు దాటాక నేరుగా రావలసిన ఎస్ తరంగాలు రానే రావు. పి తరంగాలు కూడా 140 డిగ్రీల దాకా దాదాపుగా మాయమవుతాయి. ఆ నీడ ద్రవరూపంలో ఉన్న ఒక గోళానిదని గుర్తించక తప్పలేదు.

అయితే ఆ నీడలోనూ బలహీనమైన పి తరంగాలు కొన్ని నమోదయ్యేవి. పరికరాల లోపమో, తరంగాలు అంచు చుట్టూ వంగడమో అని అందరూ సర్దుకుపోతున్నప్పుడు, డెన్మార్క్ శాస్త్రవేత్త ఇంగే లేమాన్, 1929లో న్యూజిలాండ్‌లో వచ్చిన భూకంపపు నమోదులను పట్టుబట్టి పరిశీలించి, ద్రవగోళం లోపల మరో గోళం ఉండి ఆ తరంగాలను మళ్లిస్తోందని 1936లో ప్రకటించింది. ఆ పరిశోధన పత్రం శీర్షిక ఒకే ఒక్క అక్షరం, దాని పక్కన ఒక చిన్న గీత. ఆ లోపలి గోళం వ్యాసార్ధం సుమారు 1,220 కిలోమీటర్లు.

మూడవ సాక్షి ఉల్క. భూమిలాగే కరిగి, పొరలుగా విడిపోయి, ఆ తర్వాత మరేదో ఢీకొనగా పగిలిపోయిన చిన్న పిండాల ముక్కలు అప్పుడప్పుడూ భూమి మీద పడుతుంటాయి. వాటిలో కొన్ని అచ్చంగా ఇనుము, నికెల్ మిశ్రమం. అవి ఒకప్పటి కేంద్రమండలాల శకలాలు. మన భూమి కేంద్రాన్ని తాకలేకపోయినా, దానికి జ్ఞాతి అనదగిన దాన్ని ప్రదర్శనశాలల్లో చేత్తో తాకవచ్చు.

తూకం, తరంగం, ఉల్క — ఒకదానితో ఒకటి సంబంధం లేని ఈ మూడూ ఒకే మాట చెబుతున్నప్పుడు దాన్ని ఊహ అనడం కుదరదు. లోపలి ఉష్ణోగ్రతల వంటి కొన్ని అంకెలు మాత్రం ఇప్పటికీ అంచనాలే. వాటిని అంచనాలుగానే తీసుకోవాలి.

ప్రశ్న: ప్రావారం అంటే మరుగుతున్న లావా సముద్రమనీ, మనం దాని మీద తేలుతున్నామనీ విన్నాను. నిజమేనా?

జవాబు: నిజం కాదు. బహుళ ప్రచారంలో ఉన్న ఈ అపోహకు ఎరుపు, నారింజ రంగుల్లో వేసే బొమ్మలే చాలావరకు కారణమని నా అనుమానం. ప్రావారం గుండా ఎస్ తరంగాలు నిరాటంకంగా సాగుతాయి; అది ఘనపదార్థమని చెప్పడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు. దాని పైభాగంలో ఎక్కువగా ఉండేది ఆలివిన్ అనే ఖనిజం. దాని రంగు ఎరుపు కాదు, లేత ఆకుపచ్చ.

అయితే ఘనమైనంత మాత్రాన కదలనిది కాదు. తీవ్రమైన వేడికీ ఒత్తిడికీ లోబడిన రాయి కరగకుండానే ఏడాదికి కొన్ని సెంటీమీటర్ల చొప్పున ప్రవహించగలదు. మంచుగడ్డలతో నిండిన హిమానీనదం గట్టిగా ఉంటూనే లోయలోకి జారడం లాంటిదే ఇది. వేడెక్కిన రాయి నెమ్మదిగా పైకి రావడం, చల్లారినది కిందికి దిగడం కోట్ల సంవత్సరాలుగా జరుగుతూనే ఉన్నాయి. ఖండాల కదలిక దీనిలో భాగమే.

మరి లావా ఎక్కడిది? అది ప్రావారపు పైభాగంలో కొన్ని ప్రత్యేక స్థలాల్లో మాత్రమే, అదీ రాతిలో కొద్ది శాతం మాత్రమే కరగడం వల్ల పుడుతుంది. భూమి పైభాగం కొన్ని భారీ పలకలుగా చీలి ఉంది; ఆ పలకలు విడిపోయే చోట రాయి పైకి లేచి, ఒత్తిడి తగ్గి కరుగుతుంది. ఒక పలక మరొక దాని కిందికి దూరే చోట, దిగుతున్న పలక విడిచిన నీరు పై రాతి ద్రవీభవన స్థానాన్ని తగ్గిస్తుంది. హవాయి వంటి చోట్ల లోతు నుంచి వచ్చే వేడి రాతి స్తంభం కారణం. ఈ మూడింటిలో ఎక్కడా లావా సముద్రం లేదు.

ప్రశ్న: ఒక పుస్తకంలో మూడు పొరలు, మరొకదానిలో అయిదు పొరలు అని ఉంది. ఏది సరైనది?

జవాబు: రెండూ సరైనవే, ఎందుకంటే అవి రెండు వేరు ప్రశ్నలకు జవాబులు. ‘ఏ పదార్థంతో తయారైంది?’ అని అడిగితే పటలం, ప్రావారం, కేంద్రమండలం అనే మూడూ వస్తాయి. పటలం సముద్రాల కింద 6, 7 కిలోమీటర్లే. ఖండాల కింద సాధారణంగా 30 నుంచి 50, హిమాలయాలు, టిబెట్ కింద 70 దాకా. ‘గట్టిగా ఉందా, మెత్తగా ఉందా, ద్రవమా?’ అని అడిగితే లెక్క మారుతుంది. పటలమూ దానికి అతుక్కుని ఉన్న ప్రావారపు పైఅంచూ కలిపి సుమారు 100 కిలోమీటర్ల మందం గల శిలావరణం, పలకలంటే ఇవే. దాని కింద నెమ్మదిగా సాగే మెత్తని పొర, ఆ కింద గట్టిపడిన దిగువ ప్రావారం, ఇంకా దిగువన ద్రవరూపంలోని బాహ్య కేంద్రమండలం, ఘనరూపంలోని అంతర కేంద్రమండలం. ‘భూపటల పలకలు’ అని రాయడం ఈ రెండు లెక్కలను కలిపేయడం వల్ల వచ్చిన పొరపాటు.

ప్రశ్న: భూమి వయసు 454 కోట్ల సంవత్సరాలంటారు. అప్పటి రాయి ఏదైనా దొరికిందా?

జవాబు: భూమి మీద దొరకలేదు. తొలి ఉపరితలం ఎన్నోసార్లు కరిగి, మునిగి, చెరిగిపోయింది. కెనడాలోని అకాస్టా నైస్ శిలల వయసు 400 కోట్ల సంవత్సరాలకు కొద్దిగా పైన. పశ్చిమ ఆస్ట్రేలియాలోని జాక్ హిల్స్‌లో దొరికిన జిర్కాన్ స్ఫటికాల్లో అతి పురాతనమైనది సుమారు 440 కోట్ల సంవత్సరాలది. అందుకే 1956లో క్లెయిర్ ప్యాటర్సన్ ఉల్కాశిలల్లోని సీసపు ఐసోటోపులను కొలిచి, 455 కోట్ల సంవత్సరాలని తేల్చాడు. భూమి, ఉల్కలు ఒకే పదార్థం నుంచి ఒకే కాలంలో రూపొందాయి కనుక ఆ వయసు భూమికీ వర్తిస్తుంది.

ప్రశ్న: భూకేంద్రం అన్నిటికంటే వేడైన చోటు. అయినా అక్కడ ఇనుము ఘనంగా, దాని చుట్టూ ద్రవంగా ఎందుకుంది? ఆ వేడి ఎప్పటికైనా చల్లారుతుందా?

జవాబు: ఒత్తిడి పెరిగితే ఇనుము ద్రవీభవన స్థానం కూడా పెరుగుతుంది. కేంద్రంలో ఒత్తిడి మన వాతావరణ పీడనానికి సుమారు 36 లక్షల రెట్లు; ఉష్ణోగ్రత 5,000 నుంచి 6,000 డిగ్రీల మధ్య, అంటే సూర్యుడి ఉపరితలంతో పోల్చదగినంత. అయినా అంత ఒత్తిడిలో ఇనుము కరగడానికి ఆ వేడి చాలదు. బయటి భాగంలో ఒత్తిడి కొంత తక్కువ. ఇనుముతో కలిసిన తేలికైన మూలకాలు కూడా ద్రవీభవన స్థానాన్ని తగ్గిస్తాయి. అందుకే అక్కడ ద్రవం.

చల్లారడం విషయంలో ఒక గొప్ప శాస్త్రవేత్త పొరబడ్డ సందర్భం చెప్పుకోవాలి. 1862లో లార్డ్ కెల్విన్, కరిగిన భూమి చల్లారి నేటి స్థితికి రావడానికి 2 కోట్ల నుంచి 40 కోట్ల సంవత్సరాలు చాలునని లెక్కకట్టాడు. అప్పటికి రేడియోధార్మికత తెలియదు కనుక లెక్క తప్పిందని సాధారణంగా రాస్తుంటారు. అసలు లోపం మరోచోట ఉంది: లోపలి వేడి రాతి గుండా మెల్లగా పాకుతుందే తప్ప, రాయి తానే కదిలి వేడిని మోసుకు వస్తుందని ఆయన ఊహించలేదు. ఒకప్పుడు ఆయన దగ్గరే సహాయకుడిగా పనిచేసిన జాన్ పెర్రీ 1895లోనే ఈ సంగతి ఎత్తిచూపినా అంతగా ఎవరూ పట్టించుకోలేదు.

నేడు భూమి నుంచి వెలువడుతున్న వేడి దాదాపు 4,700 కోట్ల కిలోవాట్లు. అందులో సుమారు సగం యురేనియం, థోరియం, పొటాషియంల రేడియోధార్మికత నుంచి, మిగిలినది పుట్టుకనాటి వేడి నుంచి వస్తోంది. ఇంత పోతున్నా భూమి చల్లారడం చాలా నెమ్మది. ఆ చల్లారడం వల్లనే ద్రవ ఇనుము కొద్దికొద్దిగా గడ్డకట్టి, అంతర కేంద్రమండలం ఏడాదికి ఒక మిల్లీమీటరు స్థాయిలో పెరుగుతోంది. గడ్డకట్టేటప్పుడు ఇనుము విడిచిపెట్టే తేలికైన మూలకాలు పైకి తేలుతూ బాహ్య కేంద్రమండలాన్ని కలియతిప్పుతాయి. దిక్సూచి ముల్లును ఉత్తరానికి తిప్పే అయస్కాంత క్షేత్రం పుట్టేది ఆ సుడులలోనే.